జీరంగి పడే చప్పుడు

ఎవరైనా గుమ్మం బయట హవాయి చెప్పులు విడిస్తే, సిడ్నీలో మా ఫ్లాట్లలో ఉండే ఆంటీ ముందు చెప్పుల్ని చూసేది, తర్వాత మనిషిని చూసేది. మడమ దగ్గర అరిగి, మధ్యలో ఇంకా మందంగా ఉన్న జత కనపడితే ఆవిడ కళ్ళు మెరిసేవి. "ఇవి ఇంకెన్నాళ్ళు తొడుక్కుంటావు?" అని అడిగేది. వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాట్ల వరసలో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఆ ప్రశ్నకి అర్థం తెలుసు. కొత్తగా దిగినవాళ్ళు మాత్రం కొత్తవి కొనుక్కోమని చెబుతోందనుకుని సిగ్గుపడేవాళ్ళు.

ఆ చెప్పులు ఆవిడకి గాలానికి కట్టే ఉత్తుత్తి పురుగులు చేసుకోవడానికి. ఎండాకాలంలో, అంటే ఇక్కడి డిసెంబరు, జనవరి నెలల్లో, యూకలిప్టస్ చెట్ల నిండా జీరంగులు వాలతాయి. మనవైపు పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకుని, కాలికి దారం కట్టి ఎగరేసే జీరంగికి ఇవి దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. కొండల్లో మధ్యాహ్నం వేడిగాలి లేచినప్పుడు కొమ్మల మీంచి ఊడి కింద ఏట్లో పడతాయి. వాటికోసం ట్రౌట్ చేపలు గట్టు నీడన కాచుకుని ఉంటాయి. ఆంటీ చెప్పుని బ్లేడుతో చింతగింజంత ముక్క కోసి, చిన్న గాలానికి దారంతో బిగించి, నల్ల స్కెచ్ పెన్నుతో రంగు పూసేది. దాని పొట్టకి నెమలి ఈక పోగు చుట్టేది. అది నీళ్ళమీద సగం మునిగి సగం తేలేది.

ఓసారి నీలం చెప్పు ముక్కకి పైన రంగు వేయకుండానే పక్కన పెట్టేసింది. నీలం రంగు జీరంగి ఉంటుందా ఆంటీ, చేప నమ్ముతుందా అని అడిగాను. "చేప కింది నుంచి చూస్తది కదమ్మా. దానికి పొట్టా నీడా కనపడితే చాలు. పైన రంగు నాకోసం," అంది.

ఆవిడది నరసరావుపేట. గుంటూరులో నర్సింగ్ చదివి, ముప్ఫై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చిందట. చాలా ఏళ్ళు స్నోయీ కొండల దగ్గర చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసి, భర్త పోయాక సిడ్నీ వచ్చి, ఇక్కడే రిటైరైంది. నాకు తెలిసిన ఆవిడ జీవితచరిత్ర ఇంతే. మిగతాదంతా ఆవిడ చేతులు, ఆవిడ మాటలు.

మొదటిసారి ఆవిడ మాట విన్నది మా ఫ్లాట్ల కింద అందరికీ కలిపి ఉన్న లాండ్రీ గదిలో. అప్పటికి మేం వచ్చి నాలుగు నెలలు. మా ఆయన ఒక బ్యాంకులో వైటూకే పని మీద వచ్చాడు. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని అందరూ భయపడుతున్న రోజులు. ఇంట్లో నా భయం వేరే. మావాడికి రెండేళ్ళ తొమ్మిది నెలలు, ఒక్క మాట రాలేదు. అమ్మా అని కూడా అనలేదు. పిల్లల క్లినిక్‌కి తీసుకెళ్తే అక్కడి సిస్టర్ చాలా మర్యాదగా, ఇంట్లో రెండు భాషలు వినపడితే పిల్లాడు తికమక పడతాడు, ఇకనుంచి ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి అని చెప్పింది. మా ఆయన తల ఊపాడు. "కరెక్టే. రెండు డేట్ ఫార్మాట్లు ఉంటే సిస్టమ్ కన్ఫ్యూజ్ అవుతుంది," అన్నాడు. వాడు సిస్టమ్ కాదని నాకు తెలుసు. కానీ ఎదురు చెప్పడానికి నా దగ్గర ఏముంది? నేను కెమిస్ట్రీ చదివాను. పిల్లల గురించి నాకున్నది భయం తప్ప చదువు కాదు.

అలా ఆ రోజు లాండ్రీలో, డ్రయ్యర్లోంచి బట్టలు తీస్తూ వాడికి చొక్కా చూపించి "దిస్ ఈజ్ షర్ట్. సే షర్ట్" అంటున్నాను. మూల కుర్చీలో దుప్పటి మడతపెడుతున్న పెద్దావిడ తల ఎత్తకుండానే తెలుగులో అడిగింది.

"ఎవరితో మాట్లాడతన్నావమ్మాయ్, నీ కొడుకుతోనా, స్కూలు ఇన్‌స్పెక్టరుతోనా?"

ఆవిడకి తెలుగు వచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నేను నవ్వాల్సింది. ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చి, పట్టుకో అంది. ఇద్దరం మడతపెట్టాం. మడత పూర్తయ్యేసరికి క్లినిక్ సంగతంతా చెప్పేశాను. ముందు చెవులు పరీక్ష చేయించు, అది చేయించకుండా ఎవరేం చెప్పినా వినొద్దు అంది. చేయించాను. చెవులు బాగున్నాయి. అప్పుడు ఆవిడ తన కూతురి సంగతి చెప్పింది.

కొండల్లోని ఆ ఆసుపత్రి మేట్రన్ ఆవిడకి రెండు విషయాలు నేర్పింది. ఒకటి, పురుగు గాలంతో చేపలు పట్టడం. రెండు, పిల్లతో ఇంగ్లీషు మాత్రమే మాట్లాడటం, లేకపోతే బడిలో వెనకబడుతుందని. "రెండూ బుద్ధిగా నేర్చుకున్నా," అంది ఆంటీ. కూతురు వెనకబడలేదు. ఇప్పుడు పెర్త్ దగ్గర కానింగ్ వేల్‌లో ఉంటుంది, పెద్ద ఉద్యోగం, ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. అక్కడి ఎండ, ఇక్కడి వాన చెప్పుకోవడం అయిపోతే మాటలు అయిపోతాయి.

"మా పిల్లకి నేను ఇంగ్లీషులోనే తెలుసమ్మా," అంది. "ఇంగ్లీషులో నేను చాలా మంచిదాన్ని. తిట్టను, ఎగతాళి చెయ్యను, అన్నిటికీ థ్యాంక్యూ చెబుతా. అట్టాంటి మనిషితో ఏం మాట్లాడుద్ది?"

నాకు అర్థమైంది. ఎందుకంటే క్లినిక్‌కి వెళ్ళొచ్చిన రెండు నెలల్లో నేనూ మావాడితో మాట్లాడటం తగ్గించేశాను. నాకొచ్చింది పరీక్ష ఇంగ్లీషు. అందులో ముద్దు చేయడం రాదు, కోప్పడటం రాదు. చేసేదేముంది, వస్తువుల పేర్లు చెప్పేదాన్ని. అయినా వెంటనే తెలుగుకి మారే ధైర్యం రాలేదు. వాడికి మాటలు రాకపోతే అందుకు కారణం నేనే అవుతానేమో అని.

నెమలి ఈక సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ నాకు చెప్పకుండా చీర మడతల్లో ఒక నెమలి ఈక పెట్టి పంపింది. ఈ దేశంలోకి ఈకలు తెస్తే చెప్పి తీరాలని విమానంలో ఇచ్చిన కాగితంలో రాసి ఉంది, మేం లేవని గీత పెట్టాం. అయిదు నెలల తర్వాత చీర విప్పితే ఈక బయటపడింది. పోలీసులొస్తారని నాలుగు రోజులు దాన్ని బియ్యం డబ్బాలో దాచాను. ఆంటీకి చెబితే, పట్టుకురా అంది. ఆవిడ దగ్గర నెమలి పోగులు అయిపోయాయట. "ఎవరన్నా వచ్చి అడిగితే చేప తినేసిందని చెబుదాం."

ఈక చేతికివ్వగానే దాంతో మావాడి తలమీద మూడుసార్లు మెల్లగా తట్టింది. చిన్నప్పుడు జ్వరం వస్తే దర్గా దగ్గర ఫకీరు నెమలి ఈకల కట్టతో అలాగే తట్టేవాడట. నేను ఆశగా చూస్తున్నానని గమనించి, "ఇది మాటల కోసం కాదులే, చేతికి అలవాటు," అని ఈకలోంచి ఒక పోగు పీకింది.

జనవరి వచ్చింది. తేదీ మారింది, ఏమీ కాలేదు. నేను భయపడి నింపి పెట్టిన పన్నెండు సీసాల నీళ్ళని ఆంటీ చూసి, మొక్కలకి పొయ్యమంది. మా ఆయనకి మూడు రోజులు సెలవిచ్చారు. ఆంటీ మమ్మల్ని కొండల్లోకి తీసుకెళ్ళమంది. ఆవిడకి కారు నడపడం ఇష్టం లేక కాదు, మోకాళ్ళు సహకరించక. ఆరు గంటల దారి. దారి పొడుగునా, రోడ్డు పక్క చెట్టు కనపడితే అద్దం దించి ఆకుల్ని చూసేది. ఆకులు అంచుల్లో రంపంతో కోసినట్టు ఉంటే జీరంగులు ఉన్నట్టు.

ఏటి దగ్గర ఆవిడ సల్వారు మోకాళ్ళదాకా మడిచి రబ్బరు బూట్లలో దోపి, దుపట్టా నడుముకి కట్టి, తలకి మాత్రం వెడల్పు టోపీ పెట్టుకుంది. ఏరు పెద్దదేం కాదు. మా ఊరి పంటకాలువంత ఉంటుందేమో. నీళ్ళు గాజులా ఉన్నాయి. మా ఆయన బాబుతో గట్టుమీద దుప్పటి పరుచుకుని కూచున్నాడు. ఆంటీ నన్ను తన పక్కన వంగి నడవమంది, మన నీడ నీళ్ళమీద పడకూడదని. అటు గట్టున చెట్టుకొమ్మ కింద ఒక మచ్చ కదిలింది. అదే చేప అంది. నాకు రాయిలా ఉంది.

కర్ర వెనక్కీ ముందుకీ ఊపి ఆవిడ దారం వదిలింది. చెప్పు జీరంగి కొమ్మ కింద టప్పుమని పడింది. చప్పుడుకి చేప బెదరదా అన్నాను. "ఈగ దిగుద్ది, జీరంగి పడుద్ది. అది ఎదురు చూసేదే ఆ చప్పుడు కోసం," అంది.

మచ్చ పైకి లేచింది. ఎంత మెల్లగా అంటే, దానికేం తొందర లేనట్టు. తెల్లటి నోరు తెరుచుకుంది, పురుగు కనపడకుండా పోయింది. ఆంటీ కదల్లేదు. పెదవులు మాత్రం కదిలాయి. బిస్మిల్లా మొదలుపెట్టి చివరిదాకా, ఒక్క అక్షరం మింగకుండా అంది. అప్పుడు కర్ర లేపింది. కర్ర వంగింది. చేప ఒడ్డుకొచ్చింది. గోధుమరంగు వీపు, పక్కల్లో ఎర్ర చుక్కలు.

అక్కడి జాలర్లు చేప నోరు మూయగానే, మా రాణిగారిని దేవుడు కాపాడుగాక అని మనసులో అనుకుని అప్పుడు లాగుతారట. మేట్రన్ నేర్పిన కొలత అదే. ఆంటీ దాన్ని బిస్మిల్లాకి మార్చుకుంది. "రాణికి కాపాడేవాళ్ళు చాలామంది ఉన్నారులే," అంది. ఆ చేపని రాయి కింద తడి సంచిలో పెట్టి, కర్ర నాకిచ్చింది.

నేను వేసిన పురుగు నాలుగోసారికి సరైన చోట పడింది. చేప వచ్చింది, నోరు తెరిచింది, నేను లాగేశాను. పురుగు నా టోపీకి తగిలింది. "నోట్లోంచి లాగేశావు. దాన్ని మింగనియ్, మింగి తల తిప్పనియ్," అంది. అందాకా ఎలా ఆగను, నా చెయ్యి నా మాట వినదు అన్నాను. ఏ పనైనా మొదలుపెట్టే ముందు మీరేమంటారో అది అనుకో అంది. ఇంకో మడుగు దగ్గరికి వెళ్ళాం. చేప నోరు మూసింది, శ్రీరామ అనుకుని లాగాను. మళ్ళీ పోయింది.

ఆంటీ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీ దేవుడి పేరు మరీ చిన్నదమ్మా. ఇంకేదన్నా పొడుగుది లేదా?"

వినాయకుడి శ్లోకం ఉందన్నాను. మూడోసారి అది నాలుగు పాదాలూ చదివి లాగితే చేప లేదు, పురుగు మాత్రం నీళ్ళమీద తేలుతోంది. "ఉమ్మేసింది. అంతసేపు నోట్లో ఉంటే చెప్పని తెలిసిపోదా," అంది. చివరికి లెక్క కుదిరింది. మొదటి పాదం ఒక్కటే. పరిగెత్తకుండా, మా తాతయ్య పూజలో చదివినట్టు నిదానంగా. నాలుగో చేప, ఆవిడ పట్టినదాని కంటే చిన్నది, నా చేతిలోకి వచ్చింది. ఆంటీ తడి చేత్తో గాలం ఊడదీసి దాన్ని నీళ్ళలో వదిలేసింది. నేను నొచ్చుకున్నాను. సంచిలో ఒకటి ఉందిగా, పులుసుకి అది చాలు అంది. కర్ర విప్పి ముక్కలు ముక్కలుగా గుడ్డలో చుట్టేసింది. ఇంకా రెండు గంటల ఎండ ఉంది.

గట్టుమీదికి రాగానే మావాడు నా దగ్గరికి నడిచి వచ్చాడు. నా మొహంలోకి చూశాడు. పెదవులు కొంచెం విడివడ్డాయి. వాటర్? బిస్కెట్? యు వాంట్ బిస్కెట్? అని అడుగుతూనే బిస్కెట్ తీసి వాడి చేతిలో పెట్టేశాను. వాడు నోరు మూసుకుని బిస్కెట్ పట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆంటీ బూట్లు విప్పుకుంటోంది. "చూశావా. మళ్ళీ లాగేశావు," అంది.

సాయంత్రం వంట ఆవిడే చేసింది. మోటెల్ గదిలో, సంచిలో తెచ్చుకున్న చింతపండు పిసికి, ట్రౌట్‌కి గుంటూరు పులుసు పెట్టింది. వెన్నతో కాల్చుకు తినాల్సిన చేపని మీరు ఇలా చేస్తారా అని మోటెల్ ఆవిడ కిటికీలోంచి అడిగితే, ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా థ్యాంక్యూ చెప్పింది. తర్వాత నావైపు తిరిగి తెలుగులో ఆవిడ వెన్న గురించి ఏమందో ఇక్కడ రాయను.

ఆ రాత్రి పులుసన్నం కలిపి పెడుతూ వాడితో తెలుగులో మాట్లాడాను. మా ఆయన నావైపు చూశాడు. క్లినిక్‌లో ఏం చెప్పారో గుర్తుందా అన్నాడు. ఉందన్నాను. "వాడికి తల్లిని నేను. నాకొచ్చిన భాషలోనే తల్లిని," అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆయన పళ్ళెం తన దగ్గరికి లాక్కుని పులుసు పోసుకున్నాడు. ఒప్పుకున్నాడనీ చెప్పలేను.

అప్పట్నుంచి రోజూ అదే పని. గ్లాసు చేతిలో పట్టుకుని, ఏం కావాలి నాన్నా అని అడిగి, ఆ మొదటి పాదం మనసులో నిదానంగా చదివేదాన్ని. అది పూర్తయ్యేదాకా ఇవ్వను, చెప్పను, కదలను. అన్నిటికంటే కష్టమైన పని అదే. ఫిబ్రవరిలో ఏమీ రాలేదు. మార్చి, ఏప్రిల్ కూడా అంతే. పండక్కి కలిసిన ప్రతివాళ్ళూ మాటలొచ్చాయా అని అడిగేవాళ్ళు. ఇండియా నుంచి ఫోన్లో అడిగేవాళ్ళు. ఆంటీ ఒక్కతే అడగలేదు. నేను బెంగపడి వెళ్తే ఒక గాలం, దారం చేతికిచ్చి పురుగు కట్టమనేది. నేను తొందరపడి దారం తెంపితే ఇంకో గాలం ఇచ్చేది.

జూన్‌లో ఒకరోజు పొద్దున్నే ఉప్మా చెంచా ఎత్తి పట్టుకుని, పాదం చదువుతూ కూచున్నాను. వాడు చెంచాని చూశాడు, నన్ను చూశాడు.

"వద్దు," అన్నాడు.

స్పష్టంగా, దొడ్డు గొంతుతో, ఎప్పట్నుంచో అంటున్నట్టు. వాణ్ణి చంకన వేసుకుని చెప్పుల్లేకుండా ఆంటీ ఫ్లాట్‌కి పరిగెత్తాను. ఆవిడ అంతా విని, "వద్దన్నాడా? అయితే ఆ ఉప్మా పెట్టబాక. మొదటి మాట వినకపోతే రెండోది ఎందుకు చెబుతాడు," అని, వాడికి గుడ్డు ఉడకేసింది.

తర్వాతి ఎండాకాలం మళ్ళీ వెళ్ళాం. అప్పటికి ఆవిడ వేళ్ళు వణుకుతున్నాయి. పురుగులన్నీ నేనే కట్టాను, ఆవిడ కళ్ళద్దాలు పైకి నెట్టి ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూసింది. ఏడింట్లో మూడు పక్కన పడేసింది. చలికాలం వచ్చేసరికి ఆసుపత్రిలో చేరింది. అప్పుడే మావాడికి చికెన్ పాక్స్ వచ్చి, మమ్మల్ని వార్డులోకి రానివ్వలేదు. పదకొండు రోజులు. పన్నెండో రోజు వాళ్ళమ్మాయి పెర్త్ నుంచి వచ్చి ఉండగానే ఆవిడ పోయింది. నేను చివరి చూపుకి వెళ్ళానే తప్ప చివరి మాటకి కాదు.

నిన్న ఆవిడ పోయి నలభయ్యో రోజు. వాళ్ళమ్మాయి మళ్ళీ వచ్చి, ఆంటీ ఫ్లాట్‌లోనే పదిమందికి భోజనం పెట్టింది. అందరూ వెళ్ళాక నన్ను ఉండమంది. మావాడు బల్ల కింద బొమ్మ కారు నడుపుకుంటున్నాడు. వాడికిప్పుడు నాలుగున్నర. చైల్డ్‌కేర్‌కి వెళ్ళినప్పట్నుంచి నాకు ఇంగ్లీషులోనే జవాబు చెబుతాడు. నేను మాత్రం తెలుగులోనే అడుగుతాను.

వాళ్ళమ్మాయి పళ్ళెం ముందు పెట్టుకుని, తినకుండా, చేతిసంచిలోంచి ఆసుపత్రి భోజనాల కార్డు తీసింది. చివరి మూడు రోజులూ వాళ్ళమ్మ ఇంగ్లీషు పూర్తిగా మరిచిపోయిందట. ఒకే మాట పదే పదే అనేదట. నర్సులకి అర్థం కాలేదు, తనకీ కాలేదు. వినపడింది వినపడ్డట్టు కార్డు వెనక ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. చిన్నప్పటి సంగతులేవో, వాళ్ళమ్మమ్మతోనో ఎవరితోనో మాట్లాడుతోంది అనుకుందట. మెల్లగా, తప్పు చోట్ల ఆగుతూ చదివింది.

"నోరు టెరవ్వే మొండిడానా. నేనెక్కడికి పోను."

ఆవిడ చేతిలోని కార్డు మీదికి వంగి నేనూ ఒకసారి చదివాను. తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. ఆంటీ అన్నది వాళ్ళమ్మతో కాదు, మీతోనే అని. ఎలా తెలుసు, అమ్మ నన్ను ఒక్కసారి కూడా కసరలేదు అంది ఆవిడ. అందులో 'వే' ఉందన్నాను. తెరవవే. ఆ 'వే' తల్లితో అనరు, పెద్దవాళ్ళతో అనరు, నర్సులతో అనరు. సొంత ఆడపిల్లతో, అదీ అన్నం తినకుండా మారాం చేస్తుంటే, విసుగొచ్చినప్పుడు అంటారు. మొండిదానా అన్నదానికి ఇంగ్లీషు మాట వెతికాను. దొరికిన మాటలన్నీ నిజంగా తిట్టేవే. ఇది అది కాదని చెప్పాను.

ఆవిడ కార్డుని బల్లమీద పెట్టి అరచేత్తో సాపు చేసింది. అమ్మ ఎలా అంటుందో అలా ఒకసారి అనగలవా అని అడిగింది. చదివినట్టు కాకుండా.

అన్నాను. గొంతు పెంచి, నరసరావుపేట యాసలో, విసుగ్గా, ప్రేమ ఎక్కడా బయట పడనివ్వకుండా అన్నాను. నెమ్మదిగా అంటే అది ఆంటీ మాట కాదు.

బల్ల కింద మావాడు ఆ కసురు తనకే అనుకున్నాడు. కారు ఆపలేదు, ఇటు చూడలేదు, నోరు మాత్రం తెరిచాడు. ఆవిడ కిందికి వంగి వాణ్ణి చూసింది. చెంచా పక్కన పెట్టి, తన పళ్ళెంలో అన్నం చేత్తో కలిపి, వాడి నోట్లో పెట్టింది.